కాలరు మూల దగ్గర ఆగే పాట

ఇంతవరకూ జరిగింది రెండు ముక్కల్లో చెప్పాలంటే నాకే నోరు చేదవుతోంది. అయినా చెబుతాను.

మా ఆయన గిటారు వాయిస్తాడు, పాటలు కడతాడు. పల్లె పాటకు కరెంటు కనెక్షన్ ఇచ్చిన మనిషి అని పత్రికలవాళ్ళు రాస్తారు. జనం మాత్రం ‘సంచి’ అంటారు. రంగురంగుల ప్యాంటు గుడ్డ ముక్కలు అతికి కుట్టిన సంచిలో గిటారు పెట్టుకుని స్టేజీ ఎక్కుతాడు కాబట్టి ఆ పేరు. ఆ సంచి భుజాన కనిపిస్తే చాలు, కుర్రకారు ‘సంచీ! సంచీ!’ అని గోల పెడుతుంది. దాన్ని కుట్టింది ఆయన అక్క. నాకు వదిన. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక తమ్ముణ్ణి కుట్టుమిషన్ మీదే పెంచింది. మధ్యలో పదేళ్ళపాటు ఆయన్ని ఎవరూ పాడమని పిలవని కాలంలో మా ఇల్లు నడిపింది కూడా ఆ మిషనే. ఇప్పటికీ ముందుగదిలో దాని ముందే కూర్చుని ఉంటుంది.

ఆయనకు పేరు తెచ్చిన మొదటి పాట ఇది:

కొస దొరకని దారమా, నిన్ను తెంచేదెవరే
తెగిన గుడ్డను కలిపి కుట్టేదెవరే
కుట్టిన చేతిని...
పట్టేదెవరే

‘కుట్టిన చేతిని’ తర్వాత ఒక దెబ్బంతసేపు పాట ఆగుతుంది. ఆగినచోట ఆయన గిటారు చెక్క మీద అరచేత్తో ‘టక్’మని కొడతాడు. సభలో జనమంతా అదే క్షణంలో తొడలు చరుస్తారు. ఆ దెబ్బ ఎక్కడ పడాలో అంతుపట్టక మొదట్లో ముగ్గురు డ్రమ్ములవాళ్ళు మానేసి వెళ్ళిపోయారు. ఒక రేవులో పడవ నడిపే ముసలమ్మ ఈ పాట నేర్పిందనీ, పేరు అడిగితే నవ్వి ఊరుకుందనీ ఆయన ముప్పై ఏళ్ళుగా ప్రతి సభలో చెబుతున్నాడు. చెప్పిన ప్రతిసారీ గొంతు కాస్త వణుకుతుంది.

మొన్న మంగళవారం వదిన షర్టు కాలరు కుడుతూ కూనిరాగం తీస్తుంటే నేను తలుపు దగ్గర ఆగిపోయాను. కాలరు కుట్టేటప్పుడు మూల వచ్చిందంటే, సూదిని గుడ్డలోనే దిగనిచ్చి, గుడ్డను నొక్కిపట్టే చిన్న ఇనుప పాదాన్ని వెనకున్న మీటతో పైకెత్తి, గుడ్డ తిప్పుకుని, మళ్ళీ దించాలి. ‘కుట్టిన చేతిని’ అనేసరికి మూల వచ్చింది. పాట ఆగింది. మీట ‘టక్’మంది. గుడ్డ తిరిగింది. ‘పట్టేదెవరే’ అంటూ మిషన్ మళ్ళీ కదిలింది.

పడవ ముసలమ్మ ఎవరో అప్పుడు తెలిసింది నాకు.

తెలిసి ఏం చేశాను? టీ పెట్టాను. ఆయనకొక కప్పు, వదినకొక కప్పు ఇచ్చాను. ఇద్దరూ పంచదార తక్కువైందన్నారు.

ఆ నాలుగు రోజులూ నన్ను నేను సముదాయించుకోవడానికి ఒకటే ఆధారం దొరికింది: నా పాట. ఆయన నాకోసం రాసిన పాట. మా పుట్టింటి మేడమెట్ల కింద నిలబడి, గిటారు తీగలు వేళ్ళతో నొక్కిపట్టి, ఇంట్లోవాళ్ళకు వినిపించకుండా గొంతు తగ్గించి పాడిన పాట. అది విన్న ఆరు నెలలకు నేను ఆ మెట్లు దిగి వచ్చేశాను. నాకు పందొమ్మిదేళ్ళు. అందులో ఒకచోట నన్ను వర్ణించిన మాట నాకు సరిపోదు. ఆ రోజే అద్దం ముందు నిలబడి చూసుకున్నాను, సరిపోలేదు. కవి కళ్ళు వేరులే, మనకు కనిపించనిది వాళ్ళకు కనిపిస్తుంది అనుకున్నాను. ముప్పై ఏళ్ళు అలాగే అనుకున్నాను. ఆ మొదటి పాట ఎవరిదైతే నాకేం, నా పాట నాకుంది కదా అని నాలుగు రోజులూ గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ అదే మాట వల్లె వేసుకున్నాను.

ఇంకొక్క మాట చెప్పి అసలు విషయానికి వస్తాను. రేపు ఆయన ముప్పై ఏళ్ళ సభ. దానికి మా అన్నయ్య వస్తున్నాడు. రేడియోలు బాగుచేసేవాడు. మా ఆయన మొదటి యాంప్లిఫయరు పాత రేడియో విడిభాగాలతో కట్టి ఇచ్చింది అన్నయ్యే. మా పెళ్ళికి రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం పెట్టి, భోజనానికి కూడా ఆగకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వేరే ఊళ్ళో కొట్టు పెట్టుకున్నాడు. ఒంటరిగానే ఉండిపోయాడు. నేను వెళ్ళి చూసి రావడమే తప్ప ఈ గడప ఎన్నడూ తొక్కలేదు. ఈసారి ఫోనులో ఏడిచినంత పనిచేస్తే సరేనన్నాడు. “ఆయనకెందుకే అంత దూరం శ్రమ?” అని మా ఆయన రెండుసార్లు అన్నాడు. నేను పట్టించుకోలేదు. అన్నయ్యకొక షర్టు కుట్టిద్దామని గుడ్డ తెచ్చి వదినకు ఇచ్చి, “కొలతలు ఫోనులో అడగనా వదినా?” అంటే, “వద్దులే. పొట్ట పెరుగుతుంది గాని భుజాలు మారవు” అంది. అంతే అంది. వదిన మంగళవారం నుంచి కుడుతున్నది ఆ షర్టే.

ఇక ఈ ఉదయం.

పదకొండు గంటలకు రికార్డు కంపెనీ లాయరు వచ్చాడు. పొట్టిగా, బొద్దుగా ఉన్నాడు. చంకలో తోలు సంచి. మా ఆయన పాటలన్నీ కలిపి ఎనిమిది రికార్డుల పెట్టెగా తెస్తున్నారు. దాని అట్ట మీద అచ్చువేసే వివరాలకు ఒక చిక్కొచ్చింది. జానపద గీతాలు సేకరించే ప్రొఫెసరు ఒకాయన పత్రికలో రాశాడు: ‘ఈ పాట ఏ సంకలనంలోనూ లేదు. మూడో పాదంలో ఆ విరామం మరే పాటలోనూ వినలేదు. పైగా పడవ నడిపే మనిషి పాటలో తెడ్డు గాని, నీటిచుక్క గాని లేకుండా అంతా దారమూ సూదీ ఏమిటి? దీన్ని ఎవరి దగ్గర సేకరించారో చెప్పాలి’ అని. అందుకని ఆ పాట పాతదేనని ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా రాతపూర్వకంగా చెబితే బాగుంటుందని కంపెనీ అంది. ఇంట్లో పెద్దది వదినే.

ఈ సంగతి ఆయన వదినకు ముందుగా చెప్పలేదు. లాయరుతో పాటు మిషన్ గదిలోకి వచ్చి, స్టూలు మీది గుడ్డపీలికలు తీసి కింద పెట్టి, “కూర్చోండి లాయరుగారూ. అక్కా, చిన్న సంతకం. రెండు నిమిషాల పని” అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. వదిన ఎడమ కంట్లో శుక్లం ముదిరింది. మిషన్ అలవాటు మీద నడుస్తుంది గాని, సూదిలో దారం ఎక్కించడం మాత్రం ఆర్నెల్లుగా నా పని.

వదిన కాగితం వంక చూడలేదు. లాయరు ఛాతీ వంక చూసింది.

“కోటు విప్పండి.”

“అమ్మా?”

“గుండీ వేలాడుతోంది. దారిలో ఊడి పడితే కోర్టులో ఏం వాదిస్తారు?”

“నేను కోర్టుకు వెళ్ళే లాయర్ని కాదమ్మా, కాగితాల లాయర్ని.”

“అయితే మరీ విప్పండి. కాగితాలు చదివేవాడికి గుండీ అయినా గట్టిగా ఉండొద్దూ!”

లాయరు నవ్వుతూ విప్పి ఇచ్చాడు. నేను చేతిసూదిలో నల్లదారం ఎక్కించి ఇచ్చాను. వదిన గుండీ కుడుతుంటే లాయరు కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు.

“‘కొస దొరకని దారమా అనే ఈ పాటను నేను చిన్నతనంలో మా నాయనమ్మ నోట విన్నాను. ఇది తరతరాలుగా పాడుకుంటున్న పాట. దీన్ని కట్టినవారెవరో తెలియదు...’”

“ఆగండాగండి. ఎవరి నోట?”

“మీ నాయనమ్మగారి నోట.”

వదిన ముందు తమ్ముడి వంక చూసింది, తర్వాత నావంక చూసింది. పెదవుల మధ్య దారం కొస పట్టుకునే నవ్వింది. “మా నాయనమ్మకు దగ్గు తప్ప మరో రాగం రాదండీ లాయరుగారూ.”

“అక్కా!”

“పడవ ముసలమ్మ ఏమైందిరా? మునిగిపోయిందా?”

“ఆమెను ఇప్పుడెక్కడినుంచి తీసుకురాను? ఇంట్లో మనిషైతే నువ్వు చెబితే సరిపోతుంది” అన్నాడాయన, ఏదో ఉల్లిపాయలు లేకపోతే వెల్లుల్లితో సరిపెట్టమన్నంత మామూలుగా.

“పాపం, దాన్ని అలా వదిలేశావేం? రేడియోలో నువ్వు చెబుతుంటే ముప్పై ఏళ్ళుగా వింటున్నాను. చేతులు కాయలు కాచాయన్నావు, పళ్ళు లేవన్నావు. ఒకసారి దానికి గూని కూడా తెప్పించావు. అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళురా. పళ్ళన్నీ ఉన్నాయి.”

లాయరు కాగితం ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎక్కడికి చూడాలో తెలియనివాడిలా తన కోటు వంకే చూస్తున్నాడు. గుండీ కుట్టడం ఇంకా అవలేదు. లేకపోతే లేచి వెళ్ళిపోయేవాడేమో.

“లాయరుగారి ముందు ఈ గోలంతా దేనికి?” అన్నాడు మా ఆయన. కుడిచేతి బొటనవేలి గోరు మిగతా గోళ్ళకేసి రాసుకుంటున్నాడు. తీగలు మీటడానికి ఆ చేతి గోళ్ళు పెంచుతాడు. మనసు బాగాలేనప్పుడు అలా రాసుకుంటాడు. “పాట నీదే. నేను కాదన్నానా? ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. నీ దగ్గరే ఉంటే అది ఈ నాలుగు గోడలు దాటేదా చెప్పు. నేను తీసుకెళ్ళబట్టి ఇన్ని ఊళ్ళు తిరిగింది. దానికి రెక్కలిచ్చింది నేను.”

“రెక్కలు ఇచ్చావు. కాదనను. గూడు ఎక్కడుందో చెప్పడానికే నోరు రాలేదు.”

“చెబితే ఏమయ్యేది? మా అక్క మిషన్ తొక్కుకుంటూ పాడిందంటే ఎవడు వింటాడు? పేరు తెలిస్తే అది జానపదం అవదక్కా. పేరు లేకపోతేనే జనానిది అవుతుంది.”

“అలాగా. మరి నీ పేరు అట్ట మీద ఎందుకూ? అది కూడా తీసేయించు, పూర్తిగా జనానిదే అవుతుంది.”

లాయరుకు దగ్గు వచ్చింది. నవ్వాపుకున్నాడో, నిజంగానే వచ్చిందో తెలియదు.

నాకు మాత్రం ఆయన మాటే చెవిలో గింగురుమంటోంది. *పాట నీదే. నేను కాదన్నానా?* నాలుగు రోజులుగా నేను లోపల పేర్చుకున్న సాకులన్నీ ఆ ఒక్క మాటతో కూలిపోయాయి. చిన్నప్పుడు విని మరిచిపోయి, ఎక్కడో విన్నాననుకుని ఉంటాడు. నిజంగానే ఎవరో ముసలమ్మ కూడా పాడి ఉంటుంది. ఇలా ఎన్ని పేర్చానో. ఆయనకు అన్నీ తెలుసు. తెలిసే ప్రతి సభలో గొంతు వణికించాడు.

వదిన గుండీ కుట్టి, దారం పళ్ళతో కొరికి, కోటు ఒకసారి విదిలించి ఇచ్చింది. “తీసుకోండి. మీరు పోయినా గుండీ పోదు.”

“సంతోషమమ్మా.” లాయరు కోటు వేసుకోకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. “అమ్మా, నేను కంపెనీ మనిషిని. ఈ గదిలో ఇప్పటిదాకా నేనేమీ వినలేదనుకోండి.”

“ముప్పై ఏళ్ళుగా అందరూ అదే కదండీ అనుకుంటున్నారు. మీరు కొత్తగా అనుకునేదేముంది?” అంటూ వదిన మిషన్ వైపు తిరిగింది. అన్నయ్య షర్టు అందుకుంది. కాలరుకు అంచు కుట్టు ఒకటి మిగిలి ఉంది. కాలరు సరిగ్గా అమర్చుకుని, పాదం దించి, “ఇంకా ఏమున్నాయి ఆ కాగితాల్లో? చదవండి. సంతకం పెట్టేదాన్ని, అన్నీ వినాలిగా” అంది.

పెడతానందనుకుని మా ఆయన ముఖం తేటపడింది. “చదవండి, చదవండి” అన్నాడు.

లాయరు రెండో కాగితం తీశాడు. అది పాటల జాబితా. సేకరించినవి ఒక వరుస, సొంతంగా రాసినవి ఒక వరుస. సేకరించిన వాటిలో అదొక్కటే పేచీ. మిగతావి ఏ ఊళ్ళో ఎవరు పాడారో అన్నీ రాసి ఉన్నాయి, టేపులు ఉన్నాయి. లాయరు గబగబా చదువుకుంటూ పోయాడు. వదిన మెల్లగా తొక్కుతోంది. మిషన్ టకటకలాడుతోంది.

“ఇక సొంత రచనలు. మొదటిది, ‘నీడను కొలిచాను’...”

మిషన్ ఆగింది.

అది నా పాట.

“దాని కింద ఏం రాశారు?” అంది వదిన, వెనక్కి తిరక్కుండానే.

“రచన, సంగీతం, గానం మూడూ వీరి పేరే. చివర ఒక వాక్యం ఉంది: ‘నా భార్యకు, తొలిచూపు నాడు.’”

నాకు ఒళ్ళు జల్లుమంది. సంతోషంతో అనే చెప్పాలి. ఇంత చేదులోనూ, అట్ట మీద అచ్చయ్యే ఆ రెండు మాటలకు నా మనసు ఎగిరి గంతేసింది. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

“అక్కా” అన్నాడు మా ఆయన. ఇందాకటి గొంతు కాదది. “అక్కా, వద్దు.”

వదిన మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. కాలరు అంచు వెంట సూది నడిచింది. దానితో పాటే పాట. గట్టిగా కాదు. పని చేసుకునేవాళ్ళు పాడుకునేటంత.

నీడను కొలిచాను, నిలవలేదు
అడుగులు కొలిచాను, ఆగలేదు
ఎడమ భుజం ఒకటి...

మూల వచ్చింది. మీట ‘టక్’మంది. గుడ్డ తిరిగింది.

ఒరిగి ఉంటే
ఆ బరువు నాదేమో అనుకున్నాను

మేడమెట్ల కింద నాకు పాడినప్పుడు కూడా ఆయన సరిగ్గా అక్కడే ఆగాడు. నన్ను చూసి మాట తడబడిందనుకున్నాను. ఆ తడబాటు చూసే కదా నేను ఇల్లు వదిలి వచ్చింది!

“అది కూడానా?” అన్నాను. ఎవరిని అడిగానో నాకే తెలియదు.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. కథలు చెప్పి పూట గడిపిన మనిషి.

“నా భుజాలు రెండూ సమానంగానే ఉంటాయండీ” అన్నాను. “ఆ రోజే అద్దంలో చూసుకున్నాను. మీకు అలా కనిపించిందేమో అనుకున్నాను.”

“ఇదిగో, నువ్వు కాసేపు లోపలికి వెళ్ళు.”

“వెళ్ళను. వదినా, మీరు చెప్పండి. ఆ పాట మీరు కట్టారు. నాకోసం కట్టారా? ఈయన అడిగితే కట్టి ఇచ్చారా?” అలా అన్నా చాలుననుకున్నాను. తమ్ముడి కోసం అక్క కట్టిన పాట, నేను విని వచ్చాను, అంతే కదా అని సరిపెట్టుకోవచ్చు. మనిషి ఎంతకు దిగజారి బేరమాడుతుందో చూడండి.

“నీకోసం కాదమ్మాయ్” అంది వదిన. మొట్టమొదటిసారి ఆమె గొంతు మెత్తబడింది. “అప్పటికి నిన్ను నేను చూడనైనా లేదు. అది పాట కూడా కాదు. ఉత్తరం. మామూలు మాటల్లో రాయడం చేతకాక అలా రాశాను. వీడి సంచికి లోపలివైపు ఒక దొంగజేబు కుట్టి, కాగితం అందులో పెట్టి, ఫలానా ఇంటికి వెళ్ళి ఫలానా మనిషి చేతిలో పెట్టి రారా అన్నాను. వెళ్ళాడు. వచ్చాడు. ఏమన్నాడురా అని అడిగితే, ‘ఏమీ అనలేదక్కా’ అన్నాడు.” ఆమె తమ్ముడి వీపు వంక చూసింది. “అబద్ధం కాదులే. ఇవ్వని ఉత్తరానికి ఎవరేమంటారు?”

“నాకప్పుడు ఇరవయ్యేళ్ళక్కా” అన్నాడు కిటికీ దగ్గరినుంచి. “నువ్వు వెళ్ళిపోతే... నేనేం కావాలి? ఎవరున్నారు నాకు? తలుపు తీసింది ఈవిడ. నోటికి అదే వచ్చింది, పాడేశాను. తర్వాత చెబుదామనే అనుకున్నాను.”

తలుపు తీసింది ఈవిడ.

ఆయన ఉత్తరం పట్టుకుని వచ్చింది మా ఇంటికి. మా ఇంట్లో అప్పుడున్నది నలుగురం. అమ్మ, నాన్న, నేను.

మిషన్ మీద పరిచి ఉన్న షర్టు వంక చూశాను. వదిన దాన్ని ఎత్తి రెండు భుజాలూ పట్టుకుని నాకు చూపించింది. చూపించనక్కర్లేదు. ఎడమ భుజం కుడిదానికంటే అరంగుళం కిందికి కోసి ఉంది. చిన్నప్పటినుంచీ రేడియోలు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి మా అన్నయ్యకు ఎడమ భుజం అలా దిగిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఆ పాట వింటున్నాను. పుట్టినప్పటినుంచీ అన్నయ్యను చూస్తున్నాను. రెండూ కలిపి చూడాలని ఒక్కరోజు తోచలేదు. పాట తనమీదే అనుకున్నాక ఇంకొకరి భుజం వంక చూసే ఆడది ఉంటుందా?

“మీకు ఎప్పుడు తెలిసింది వదినా?”

“నువ్వు ఈ ఇంటికొచ్చిన వారానికి. వంటింట్లో ఈ పాట పాడుకుంటున్నావు. ఎవరు నేర్పారమ్మా అంటే సిగ్గుపడ్డావు. ఇంకేం చెప్పను? నీ సిగ్గు చూశాక నోరు రాలేదు.”

లాయరు లేచి నిలబడ్డాడు. కోటు వేసుకుని, కొత్తగా కుట్టిన గుండీ పెట్టుకున్నాడు. “అమ్మా, నేను మరోరోజు వస్తాను. సంతకం తొందరేమీ లేదు.”

“తొందరేమీ లేదని మీరంటున్నారు. వాణ్ణి అడగండి.”

“అట్ట సాయంత్రం అచ్చుకు వెళ్ళాలి” అన్నాడు మా ఆయన, నేలకేసి చూస్తూ. అంత జరిగాక కూడా ఆ మాట అనగలిగాడు. ఆయన మీద నాకు మిగిలిన కాస్త ప్రేమా అప్పుడే పోయిందనుకుంటాను.

“పెడతానురా. మా నాయనమ్మ నేర్పిందనే పెడతాను. కావాలంటే తాతయ్య గిటారు వాయించాడని కూడా రాయించుకో” అంది వదిన. “కాకపోతే ఇప్పుడు కాదు. ఆ పెద్దమనిషి రానీ. ఇదే గదిలో, ఆయన ముందు నువ్వు ఈ కాగితం చదువు. రెండో కాగితం కూడా చదువు, ఆ తొలిచూపు ముక్కతో సహా. అప్పుడు పెడతాను. పక్కన ఆయన సాక్షి సంతకం పెడతాడు. ఆయనకు అలవాటేగా.”

లాయరు కాగితాలు మిషన్ బల్ల మీదే వదిలేసి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

గోడ గడియారంలో పన్నెండున్నర. అన్నయ్య రైలు ఒంటిగంటకు. స్టేషనుకు బండి మీద పావుగంట. నేను వెళ్ళి తీసుకొస్తానని పొద్దున్నే చెప్పి ఉన్నాను. అన్నయ్య తన కోసం రాసిన ఉత్తరాన్ని ముప్పై ఏళ్ళు రేడియోలో విన్నాడు. నేను చూడబోయినప్పుడు కొట్లో ఆ పాట వస్తే లేచి బయటికి ఎందుకు వెళ్ళేవాడో నాకు తెలియదు. ఏమనుకుని వెళ్ళేవాడో, ఏం తెలిసి ఈ గడప తొక్కలేదో తెలియదు. ఈ రోజు అడుగుతాను. ఈ ఇంట్లో ఎవరూ ఆయన చెవిలో కొత్త కథ వేయకముందే అడుగుతాను.

చెప్పుల కోసం చూస్తుంటే వదిన పిలిచింది.

“అమ్మాయ్, ఒక్క గుండీ మిగిలింది. ఆయన వేసుకునే వేళకు షర్టు పూర్తవ్వాలి. ఈ సూదిలో దారం ఎక్కించి వెళ్ళు తల్లీ.”

వెనక్కి వచ్చాను. సూది అందుకుని వెలుతురు కోసం కిటికీ వైపు తిరిగాను. కిటికీ దగ్గర మా ఆయన లేడు. దారం కొస నోట తడిపాను. ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పింది. మూడోసారి సూది కన్నులోకి దారం దూరుతుండగా, వెనక వసారాలో బండి తాళంచెవి కొక్కెం మీదినుంచి తీసిన చప్పుడు వినిపించింది.